ఆటగాళ్ల ప్రేమ గొడవల్లో కోచ్ తలదూర్చవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నం గాజువాకలో పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లకు కబడ్డీ నేర్పుతున్నాను. ఒకడు తన స్నేహితురాలి ఫోన్ పాస్‌వర్డ్ తీసుకున్నాడు. ప్రాక్టీసు మధ్యలో కూడా ఆమె లొకేషన్ చూసి, ‘ఎవరితో ఉన్నావ్’ అని ఫోన్లో అరుస్తాడు. మిగతావాళ్లు నవ్వుతారు. వాళ్ల సొంత విషయంలో నేను మాట్లాడొచ్చా?

జవాబు: మాట్లాడాల్సిందే. నిఘా, పాస్‌వర్డ్, స్నేహితుల్ని మాన్పించడం... చెయ్యి లేవడానికి చాలా ముందే వేధింపు ఇలా మొదలవుతుంది. అయితే ముందు పట్టించుకోవాల్సింది ఆ నవ్వుని. జట్టు నవ్విందంటే ఆ కుర్రాడికి అది మెచ్చుకోలే.

అమెరికాలో ‘కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్’ అనే పద్ధతి దీనిమీదే పనిచేస్తుంది. వారానికోసారి, 10-15 నిమిషాల మాట, ఒక సీజన్ పొడవునా. శాక్రమెంటో హైస్కూలు జట్లలో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది: తోటివాడు అమ్మాయితో తప్పుగా ప్రవర్తిస్తే అడ్డుచెప్పేవాళ్లు ఈ కోచ్‌ల జట్లలో ఎక్కువ. ఏడాది తర్వాత చూస్తే వేధింపులూ తక్కువే. ముంబైలో ‘పరివర్తన్’ పేరుతో క్రికెట్ కోచ్‌లు ఇదే బాట పట్టారు.

మీరు వార్మప్‌కి ముందు పెట్టుకోండి. ఆట అయ్యాక అందరి ధ్యాసా బస్సు మీదే ఉంటుంది. వారానికి ఒక్క విషయం చాలు. మొదటి వారం మైదానంలో మన నోటి మాటలు. ‘ఆడపిల్లలా ఆడుతున్నావేంట్రా’ అనేది తరచూ కోచ్ నోటి నుంచే వస్తుంది, ముందు అది మానాలి. ఆ తర్వాత ఫోను, అనుమానం, వద్దంటే ఆగడం, విడిపోయాక వెంటపడటం. ఉపన్యాసం ఇవ్వకండి, వాళ్లచేతే అనిపించండి: ‘ఒరేయ్, ఆ అమ్మాయి ఎక్కడుంటే నీకెందుకురా, ఫోను లోపల పెట్టు.’ రెయిడ్ లాగే ఇదీ సాధన లేకపోతే సమయానికి రాదు.

ఆ కుర్రాడితో మాత్రం విడిగా మాట్లాడండి. చూసింది చూసినట్టు చెప్పండి, ‘ఆమె చెప్పింది’ అనే మాట రానివ్వొద్దు. జట్టు ముందు పరువు తీస్తే ఆ కోపం సాయంత్రం ఆమె మీదికే పోతుంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయడం మన పెద్దమనుషులకు అలవాటు. ఇక్కడ అది చేటు. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేదు, చెప్పినా తర్వాత పడేది ఆమే.

ప్రశ్న: మా వాలీబాల్ అమ్మాయి ‘సార్, ఎవరికీ చెప్పొద్దు’ అంటూ ఏదైనా చెబితే?

జవాబు: మాట ఇవ్వకండి. 18 నిండని పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఊరుకుంటే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇష్టపడే జరిగిందన్నా ఆ వయసులో చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి ఆమె పూర్తిగా నోరు విప్పకముందే చెప్పడం న్యాయం. పిల్లలకు 1098, మహిళలకు 181, ప్రమాదం ఎదురుగా ఉంటే 112. ఫొటోలతో బెదిరిస్తుంటే వాటిని మీ ఫోనుకు పంపించుకోవద్దు, అదే మీకు కేసు అవుతుంది. బెదిరింపు మెసేజ్‌లు మాత్రం చెరపొద్దని చెప్పండి. జాగ్రత్త పేరుతో ఆమెను టోర్నమెంటు మాన్పించకండి. వేధించిన కుర్రాడూ మీ మైదానానికే వస్తుంటే, ప్రాక్టీసు వేళ మారాల్సింది అతనిది.