కోనికల్‌లో లాగర్: ఈస్ట్ ఎప్పుడు వదలాలి, ఎప్పుడు పట్టుకోవాలి

30 లీటర్ల కోనికల్‌లో (అడుగు గరాటులా సన్నబడి, కొనలో వాల్వ్ ఉండే పులియబెట్టే పాత్ర) 20 లీటర్ల లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) వేస్తున్నానని, కోన్‌లో దిగిన ఈస్ట్‌ను ఎప్పుడు పారబోయాలో, తర్వాతి బ్యాచ్‌కి ఎలా దాచాలో చెప్పమని అడిగారు. తెలంగాణలో లైసెన్సు లేకుండా బీరు తయారీకి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి చూసుకునే దిగారనుకుంటాను.

హైదరాబాద్‌లో మొదటి చిక్కు ఈస్ట్ వేయకముందే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లను చిల్లర్‌లో ఎంతసేపు తిప్పినా వోర్ట్ (ఈస్ట్ వేయకముందు ఉండే మాల్ట్ రసం) 35 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. ఆ వేడిలో ఈస్ట్ వేయకండి. శానిటైజ్ చేసిన కోనికల్‌లోకి దింపి, మూత బిగించి, థర్మోస్టాట్ పెట్టిన డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచితే 10 డిగ్రీలకు వస్తుంది. తెల్లారేసరికి కోల్డ్ బ్రేక్ (చల్లబడినప్పుడు విరిగే ప్రొటీన్), హాప్ (బీరుకి చేదునిచ్చే పువ్వు) మడ్డి కోన్‌లోకి దిగుతాయి. దాన్ని వదిలేశాకే గాలి పట్టించి ఈస్ట్ వేయండి. తర్వాత తీసే ఈస్ట్ శుభ్రంగా ఉండేది ఈ పని వల్లే.

1.048 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత, చక్కెర తగ్గేకొద్దీ ఇదీ దిగుతుంది) ఉన్న వోర్ట్‌కి డబ్ల్యూ-34/70 అనే లాగర్ రకం పొడి ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు వేయండి. ఒక్కటి చాలదు. 12 డిగ్రీల దగ్గర నడిపించి, గ్రావిటీ 1.020కి దిగగానే 16–17కి పెంచి రెండు మూడు రోజులు ఉంచాలి. డయాసిటైల్‌ను (వెన్న వాసననిచ్చే పదార్థం) ఈస్టే తిరిగి పీల్చుకోవాలి కాబట్టి అప్పటిదాకా కోన్ జోలికి పోవద్దు. డయాసిటైల్ పోయిందో లేదో తేల్చుకోవడానికి కొంచెం బీరు మూత ఉన్న సీసాలో పోసి, 65 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడండి. వెన్న వాసన వస్తే ఇంకా ఆగాలి.

వాసన లేకపోతే రోజుకి మూడు నాలుగు డిగ్రీల చొప్పున తగ్గించండి. 4 డిగ్రీలకు చేరాక ఒకటి రెండు రోజుల్లో ఈస్ట్ పట్టుకోవాలి. ముందు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాల్వ్ మూతిలోపలికి కొట్టండి. వాల్వ్ ఒక్కసారిగా తిప్పితే చిక్కటి ఈస్ట్ మధ్యలోంచి బీరు సొరంగంలా దూసుకొస్తుంది, ఈస్ట్ గోడలకే అంటుకుపోతుంది. కొద్దికొద్దిగా తెరవండి. మొదట వచ్చే గోధుమరంగు మడ్డి పారబోయాలి. ఆపైన మీగడలా తెల్లగా వచ్చేదే తర్వాతి బ్యాచ్‌కి మీ తోడు. చివర పల్చగా వచ్చేది దాచొద్దు, అది సరిగ్గా కిందికి దిగని రకం. అంతసేపూ పైనుంచి అతి తక్కువ ఒత్తిడితో సీఓ2 ఇవ్వండి, లేకపోతే ఎయిర్‌లాక్ నీళ్లు, గాలి బీరులోకి లాక్కుంటుంది.

అదే గ్రావిటీ బ్యాచ్‌కి చిక్కటి స్లరీ (ఇలా పట్టిన ఈస్ట్ ముద్ద) 350–400 మిల్లీలీటర్లు సరిపోతుంది. జాడీలో సగానికే పోసి, మూత వదులుగా పెట్టి, 2–4 డిగ్రీల్లో ఉంచి వారంలోపు వాడేయండి. అదే ఈస్ట్‌ను ఐదారు తరాలు (బ్యాచ్‌లు) దాటించొద్దు. 1.060 పైబడిన బీరు నుంచీ, హాప్స్ దట్టించిన దాని నుంచీ తీయడమే అనవసరం.

కోనికల్‌ను గదిలో పెట్టి లోపలి కాయిల్‌తో చల్లబరిచేవాళ్లకి మాత్రం వేరే తలనొప్పి. సెన్సర్ 12 చూపిస్తున్నా, బయటికి పొడుచుకొచ్చిన కోన్, వాల్వ్ గది వేడికి కాగుతుంటాయి. అక్కడ గట్టిగా పేరుకున్న ఈస్ట్ చచ్చి, కుళ్లిన మాంసం, రబ్బరు వాసన బీరుకి పట్టిస్తుంది. కోన్‌కి వాల్వ్ దాకా ఇన్సులేషన్ చుట్టండి. లాగరింగ్‌లో (పులిసిన బీరును చల్లగా వారాల తరబడి ఉంచే దశ) వారానికోసారి అడుగున చేరింది వదిలేయండి. కరెంటు పోయినప్పటికి ఫ్రీజర్‌లో పెట్టుకోవడానికి గడ్డకట్టిన నీళ్ల సీసాలు నాలుగైనా ఇంట్లో ఉండాలి.