గాంధీ-ఇర్విన్ ఒప్పందంలోని ఇర్విన్, అమెరికాలో బ్రిటన్ రాయబారిగా పనిచేసిన హాలిఫాక్స్ ఒకరేనా?

అవును, ఇద్దరూ ఒకరే, అసలు పేరు ఎడ్వర్డ్ వుడ్. బ్రిటన్‌లో కొత్త బిరుదు వస్తే మనిషిని పిలిచే పేరే మారిపోతుంది, గందరగోళమంతా అందువల్లే. 1910లో కన్సర్వేటివ్ ఎంపీ అయిన వుడ్‌కు, భారత వైస్రాయిగా వచ్చే ముందు లార్డ్ ఇర్విన్ బిరుదు ఇచ్చారు. 1931 మార్చిలో గాంధీజీతో ఒప్పందం కుదుర్చుకున్నది ఆ పేరుతోనే. 1934లో తండ్రి చనిపోయాక వారసత్వంగా హాలిఫాక్స్ అయ్యారు, 1938లో విదేశాంగ మంత్రి.

1940 మేలో ప్రధాని పదవికి చర్చిల్‌తో పాటు గట్టిగా వినిపించిన పేరు ఈయనదే. అదే ఏడాది డిసెంబరులో వాషింగ్టన్‌లోని రాయబారి లార్డ్ లోథియన్ మరణించడంతో చర్చిల్ ఆయన్ను అక్కడికి పంపారు.

దీన్ని చాలామంది రాజకీయ వనవాసం అనుకుంటారు. పోటీదారు లండన్‌కు దూరమవడం చర్చిల్‌కు కలిసొచ్చిన మాట నిజమే కానీ, ఆ పదవి అలంకారం కాదు. యుద్ధంలో బ్రిటన్‌కు అమెరికా సాయమే ప్రాణాధారం. అందుకే రాయబారిగా ఉంటూనే యుద్ధ మంత్రివర్గంలో సభ్యుడిగా కొనసాగారు. అంతేకాదు, 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్‌పై బ్రిటన్ తరఫున సంతకం చేసినవారిలో హాలిఫాక్స్ ఒకరు. 1946 వరకూ రాయబారి పదవిలోనే ఉన్నారు.