ఉద్యోగం మానే ముందు ఆదాయం లెక్క వేసుకో

ఫ్రీమాంట్,
2026 ఫిబ్రవరి 10

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ నెలాఖరుకు ఉద్యోగం వదిలి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అల్లుడి కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వదు కనుక మీ ఇద్దరికీ ఇక రాష్ట్రం నడిపే ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్ కవర్డ్ కాలిఫోర్నియాలోనే ప్లాను చూసుకోవాలి. అక్కడ అందరి కళ్లూ ముందు నెలసరి ప్రీమియం మీదే పడతాయి. నువ్వు మాత్రం ఈ ఏడాది మీ ఇద్దరి ఆదాయం ఎంత ఉండబోతోందో ముందు కాగితం మీద వేసుకో, ఎందుకంటే ప్రీమియంలో ప్రభుత్వం భరించే వాటా ఆ అంకెను బట్టే ఉంటుంది.

ఆ వాటాకు తోడుగా 2021 నుంచి ఇస్తూ వచ్చిన అదనపు సాయం 2025 చివరితో ముగిసింది. ఈ ఏడాది ఇద్దరున్న కుటుంబానికి ఆదాయం 84,600 డాలర్లు దాటితే ఆ వాటా, అంటే ఫెడరల్ టాక్స్ క్రెడిట్, అసలే రాదు. పైగా, ఆదాయం తక్కువగా చూపి ఎక్కువ క్రెడిట్ వాడుకున్నవారు ఆ తేడా మొత్తం టాక్స్ రిటర్నులో తిరిగి కట్టాలి; తక్కువ ఆదాయం వారు తిరిగి కట్టే మొత్తానికి ఇంతకుముందు ఉన్న పరిమితిని కూడా ఈ ఏడాది నుంచి తీసేశారు.

మనవాళ్లు పొరపాటు పడేది ఇండియా ఆదాయం దగ్గర. ఇక్కడి సంపాదన ఇండియా బ్యాంకుల్లో దాచే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీకి అక్కడ పన్ను లేదు కనుక ఇక్కడి లెక్కలోకీ రాదనుకుంటారు, కానీ వస్తుంది. ఊళ్లో ఇంటి అద్దె, పొలం కౌలు, స్థలం అమ్మితే వచ్చిన లాభం కూడా వస్తాయి. నేను ఉద్యోగం మానేసిన 2019లో జనవరి నుంచి క్రెడిట్ తీసుకుంటూ, అక్టోబరులో తెనాలి దగ్గరి స్థలం అమ్మి, ఆ సంగతి కవర్డ్ కాలిఫోర్నియాకు చెప్పడం మరిచాను. మరుసటి ఏడాది తీసుకున్న క్రెడిట్ ఎంతో చూపే 1095-ఎ కాగితం ముందు పెట్టుకుని, దాన్ని అసలు ఆదాయంతో సరిచూసే 8962 ఫారం నింపుతుంటే, ఆ ఏడాది తీసుకున్న క్రెడిట్ అంతా తిరిగి కట్టాలని తేలింది. మీ పెద్దమ్మ ఇప్పటికీ దాన్ని "తెనాలి ప్రీమియం" అంటుంది. అందుకని ఆదాయం మారిన ప్రతిసారీ వెంటనే వెబ్‌సైటులో సరిచేయి. అంచనా 84,600కు కొద్దిగా పైన తేలితే, రిటైర్మెంటు పొదుపు ఖాతాలైన ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో గానీ, సొంత పనివారికుండే సోలో 401(కె)లో గానీ వేసే సొమ్ము ఆ అంకెను కిందికి దించగలదు.

ఇక ప్లాను సంగతి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అన్నవి వైద్యం నాణ్యతకు సంబంధించినవి కావు. సగటున ఖర్చులో ప్లాను భరించేది వరుసగా 60, 70, 80, 90 శాతం. మీ ఆదాయం 52,875 డాలర్ల లోపు ఉంటే మాత్రం సిల్వర్ తప్ప మరొకటి చూడకు, ఎందుకంటే కోపే (ప్రతిసారీ నువ్వు కట్టే వాటా), డిడక్టిబుల్ (ప్లాను భరించడం మొదలయ్యే ముందు నువ్వు పెట్టుకునే ఖర్చు) తగ్గించే సాయం సిల్వర్‌కే వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో ఒకే స్థాయి ప్లాన్ల కోపేలు ఏ కంపెనీవైనా దాదాపు ఒకటే కనుక, పోల్చవలసినవి ప్రీమియం, డాక్టర్ల నెట్‌వర్కు. నీ డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి, కంపెనీ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, ప్లాను పేరు పూర్తిగా చదివి అడుగు. ఒక కంపెనీకే రకరకాల నెట్‌వర్కులుంటాయి.

గడువు విషయంలో భయం లేదు. ఉద్యోగం నువ్వే మానినా, ఇన్సూరెన్స్ పోయిన రోజు నుంచి 60 రోజుల వ్యవధి ఉంటుంది. అయితే నీ కవరేజీ 28న ఆగుతుందని ముందే తెలుసు కనుక, ఈ నెలలోనే ప్లాను ఎంచుకుని మొదటి ప్రీమియం కట్టేస్తే మార్చి 1 నుంచి అమలవుతుంది; కట్టకపోతే ఎంచుకున్నా అమలు కాదు. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రాలో మాత్రం తొందరపడి చేరకు. కంపెనీ వాటాతో సహా ప్రీమియం అంతా, దానిపై 2 శాతం కూడా, నువ్వే భరించాలి. ఆ 60 రోజులు గడిచాక ఖరీదెక్కువని మధ్యలో మానేస్తే మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి నవంబరు దాకా ఆగవలసి రావచ్చు.

గుర్తింపు పొందిన ఏజెంట్లు ఉచితంగా సాయం చేస్తారు. కవర్డ్ కాలిఫోర్నియా పేరులా కనిపించే వేరే వెబ్‌సైట్లలో ఫోన్ నంబరు ఇవ్వకు, రోజుకు పదిసార్లు మోగుతుంది.

ఆదివారం అల్లుడితో కలిసి భోజనానికి రా. నిరుటి టాక్స్ రిటర్ను, బ్యాంకు వడ్డీ కాగితాలు తెస్తే అంచనా అక్కడే కూర్చుని వేద్దాం.

మీ పెదనాన్న