గనులు ఖాళీ అయితే మా అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎకనామిక్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పేద దేశాలు తమ ఖనిజ సంపదను ఎలా నిర్వహించుకోవాలన్న విషయంపై పీజీ చేస్తానంటోంది. గనులు ఎప్పటికైనా ఖాళీ అయ్యేవే కదా, ఆ తర్వాత ఉద్యోగం సంగతేమిటి? ఈఎస్‌జీ (కంపెనీల పర్యావరణ, సామాజిక, పాలనా బాధ్యతలు) ఎంబీఏకు మంచి డిమాండ్ ఉందంటున్నారు. రెండింటిలో ఏది మేలు? — ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది కానీ భయం ఒకటే. పిల్ల మనకు తెలియని దారిలో వెళ్లి ఇబ్బంది పడితే మనం ఏ సాయమూ చేయలేమేమోనన్న భయం అది. ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి.

గనులు ఖాళీ అవుతాయన్న మీ మాట నిజమే. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది సరిగ్గా ఆ సమస్యనే. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి బోట్స్‌వానా నిరుపేద దేశం. మరుసటి ఏడాది ఒరాపాలో వజ్రాలు దొరికాయి. ఆ డబ్బుతో బడులు, రోడ్లు కట్టుకుంది, 1994లో పులా ఫండ్ పెట్టి కొంత దాచుకుంది. అంత జాగ్రత్తపడిన దేశం కూడా ల్యాబ్‌లో తయారైన వజ్రాలొచ్చి ధరలు పడిపోయేసరికి ఇప్పుడు బడ్జెట్‌కు తడుముకుంటోంది. మంగోలియా గనుల బూమ్ రోజుల్లో జనానికి నగదు పంచింది, 2017లో ఐఎంఎఫ్ సాయం తీసుకోవాల్సి వచ్చింది. రాగి పుష్కలంగా ఉన్న జాంబియా 2020లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది. ధర పడినా, గని తరిగినా ఈ చదువు చదివినవాళ్లకు పని పెరుగుతుందే గానీ తగ్గదు.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఓడలోకి కాపర్ కాన్సంట్రేట్, అంటే పనికిరాని రాయి చాలావరకు తీసేసిన రాగి ఖనిజం, ఎక్కుతోందనుకోండి. చూడ్డానికి నల్లటి తడి పొడి. రాగి అందులో పావు వంతో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. తేమ తీసేసిన బరువుకే లెక్క కడతారు. తేమ ఎక్కువ రాసినా, శాంపిల్‌లో రాగి ఒక్క శాతం తక్కువ చూపినా, అందులోని కొద్దిపాటి బంగారాన్ని వదిలేసినా, కొనేది అమ్మే కంపెనీ గ్రూపుదే అయి ధర తగ్గించి రాసినా ప్రభుత్వానికి రావాల్సిన రాయల్టీకి (ఖనిజం తవ్వుకున్నందుకు కంపెనీ కట్టే వాటాకు) గండి పడుతుంది. ఆ బిల్లు చదివి "ఇదెందుకు ఇలా ఉంది?" అని అడగగలిగినవాళ్లు చాలా దేశాల పన్నుల శాఖల్లో వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

ఇక ఈఎస్‌జీ. నా అనుమానం దాచుకోను. నేను చూసిన సిలబస్‌లలో చాలావరకు రిపోర్టులు నింపడమే నేర్పుతున్నారు. ఆ రిపోర్టులు ఇవ్వాలన్న నిబంధన గట్టిగా ఉన్నంత కాలం కంపెనీలు మనుషుల్ని తీసుకుంటాయి. 2025లో యూరోపియన్ యూనియన్ ఆ రిపోర్టుల గడువులు వాయిదా వేసింది. అలాంటప్పుడు ముందు కోత పడేది ఆ టీమ్‌కే. బ్యాటరీల్లో వాడే లిథియం పేరు చెప్పి కొత్త కోర్సులు అమ్మేవాళ్లతోనూ జాగ్రత్త. 2022లో ఆకాశంలో ఉన్న లిథియం ధర 2024కల్లా కుప్పకూలింది. డిమాండ్ చూసి చేరినవాళ్లు పట్టా చేతికొచ్చేసరికి ఆ డిమాండ్ ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

ఒక మాట కటువుగా చెప్పాలి. మీ ఉత్తరం పూర్తి పాఠం రెండు పేజీలుంది. అందులో మీ అమ్మాయికి ఈ విషయం ఎందుకు నచ్చిందో ఒక్క వాక్యం లేదు. మీరు అడగలేదు కదూ? పక్కింటివాళ్ల అభిప్రాయం రాశారు, బంధువుల అభిప్రాయం రాశారు. చదవాల్సిన పిల్ల అభిప్రాయం ఏదండీ?

మొదటి రెండు మూడేళ్లు చిన్న కాంట్రాక్టులతో నడవచ్చు, అది ముందే తెలుసుకోండి. అకౌంటింగ్, పన్నుల చట్టం గట్టిగా నేర్చుకుంటే ఆడిట్ సంస్థలూ, గనుల కంపెనీల ట్యాక్స్ విభాగాలూ కూడా తీసుకుంటాయి. ఫ్రెంచ్ వస్తే కాంగోలో, స్పానిష్ వస్తే చిలీ, పెరూల్లో పని దొరికే అవకాశం పెరుగుతుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. గనులు, చమురు ఆదాయాల లెక్కలు బయటపెట్టించే అంతర్జాతీయ ఏర్పాటు ఈఐటీఐ. దాని కింద వచ్చిన జాంబియా నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కంపెనీలు ఎంత కట్టాయో, ప్రభుత్వానికి ఎంత ముట్టిందో అందులో పక్కపక్కనే ఉంటుంది. అమ్మాయిని కూర్చోబెట్టి, ఆ రెండు అంకెలకు తేడా ఎందుకొచ్చిందో మీకు వివరించమనండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ తర్వాత నాకు రాయండి, ఈసారి ఇద్దరూ కలిసి.