ఇంటి నుంచే ఉద్యోగం... ల్యాప్‌టాప్ తెరవాలంటే గుండె బరువు

ప్రశ్న: నా వయసు 34. మాది కావలి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చేశాం. అప్పటి నుంచి ఇంట్లోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుంటే అమెరికా టీముతో మీటింగులు ముగిసేసరికి రాత్రి పదకొండున్నర. పాపను బడికి పంపాలి కాబట్టి ఉదయం ఆరింటికే లేవాలి. ఒకప్పుడు నేను పట్టుకున్న లోపాల గురించి టీములో చెప్పుకునేవారు. ఇప్పుడు ఏఐ టూల్ తయారుచేసిన పరీక్షలను సరిచూసి టిక్కు పెట్టడమే నా పని. నేను ఉన్నానో లేదో కూడా ఎవరికీ పట్టదు. ఏడాదిగా నీరసం, దడ, మెట్లెక్కితే ఆయాసం. ఆదివారం ఉదయం పాపతో హాయిగానే ఉంటాను, సాయంత్రమయ్యేసరికి గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ నార్మల్. హిమోగ్లోబిన్ 9.8. ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. ఇంట్లో కూర్చుని చేసే పనికి ఇంత అలసటేమిటని అత్తగారు అంటున్నారు. నాది బద్ధకమా? ఉద్యోగం మానేయాలా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మీది బద్ధకం కానే కాదమ్మా. ‘ఏమీ లేదు’ అన్న మాట కూడా సరికాదు. గర్భిణి కాని మహిళకు హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. మీకున్నది 9.8. అంటే ఒక మోస్తరు రక్తహీనత. రక్తం ఆక్సిజన్‌ను తగినంత మోయలేనప్పుడు ఆ లోటు పూడ్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. దడ, మెట్ల దగ్గర ఆయాసం చాలావరకు దీనివల్లే కావచ్చు. ఉద్యోగంలో ఒత్తిడి ఉందని తెలియగానే అన్నిటినీ ‘టెన్షన్’ ఖాతాలో వేసేయడం నాకు తరచూ కనిపిస్తుంది, బాధ కూడా కలుగుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పేది), విటమిన్ బీ12 పరీక్షలు చేయించుకోండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఐరన్ లోపం అని తేలితే మాత్రలు ఇస్తారు. వాటిని టీ, కాఫీలతో కలిపి వేసుకోవద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే కంగారుపడి మానేయకండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వల కోసం సుమారు మూడు నెలలు వాడాలి.

అయితే ఆదివారం ఉదయానికీ సాయంత్రానికీ మీ ఒంట్లో రక్తం మారదు కదా. ఆ బరువు మాత్రం పనిదే. దీన్ని ‘బర్నౌట్’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనిచేసే చోట అదుపు తప్పిన ఒత్తిడి ఫలితంగా గుర్తించింది. మూడు గుర్తులు చెప్పింది: శక్తి అంతా ఇంకిపోవడం, పని మీద విముఖత, చేస్తున్న పనిలో పస లేదనిపించడం. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి.

‘నేను ఉన్నానో లేదో ఎవరికీ పట్టదు’ అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో సూపర్‌వైజర్లు, నెల్లూరు ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు కూడా ఇదే మాట వేరే విధంగా చెబుతుంటారు. పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు పెరుగుతూ, ఆ పని ఎలా చేయాలో చెప్పే అవకాశం తగ్గిపోతూ ఉంటే కుంగిపోతాడు. లండన్ ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో, తమ పని ఎలా చేయాలో తేల్చుకునే వీలు లేనివారికి గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. మీకు ఒకప్పుడు లోపాన్ని వేటాడి పట్టుకునే పని ఉండేది. ఇప్పుడు గంటల తరబడి తెరను కనిపెట్టుకుని కూర్చోవడమే మిగిలింది. అది తేలిక పని కాదు, మెదడును బాగా అలసిపోయేలా చేస్తుంది. దానికితోడు పనిగంటలు వారానికి యాభై దాటుతున్నాయి. 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35–40 గంటలు చేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. మీరు ఆ గీతకు దగ్గరగా ఉన్నారు.

చాలా సంస్థలు ధ్యానం యాప్‌లు ఇస్తాయి, సర్వేలు పంపుతాయి. శ్వాస వ్యాయామాలు మంచివే, చేయండి. కానీ రాత్రి పదకొండున్నర మీటింగును ఏ ప్రాణాయామమూ ముందుకు జరపలేదు. అందుకే మీ మేనేజరుతో విడిగా, వీలైతే మాటల్లోనే మాట్లాడండి. ‘ఒత్తిడిగా ఉంది’ అని ఊరుకుంటే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. కోరికలు స్పష్టంగా ఉండాలి. రాత్రి మీటింగుల్లో మీరు తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి? మిగిలినవాటి రికార్డింగు మర్నాడు చూస్తే సరిపోదా? వారంలో రెండు రోజులు పదింటికే ముగించవచ్చా? ఏఐ టూల్ వదిలేస్తున్న లోపాలను వెతికే బాధ్యత కొంత మీకు అప్పగిస్తారా? ఈ చివరిది తప్పక అడగండి. మీ నేర్పు అక్కడుంది, మీ ఉత్సాహం కూడా అక్కడి నుంచే తిరిగి రావాలి.

తర్వాతి పేరా అత్తగారికీ మీవారికీ చదివి వినిపించండి.

అమ్మా, మీ కోడలు ఇంట్లో కనిపిస్తున్నా, ఆ గంటల్లో ఆఫీసులో ఉన్నట్టే. రాత్రి పన్నెండున్నరకు పడుకుని ఆరింటికి లేచే మనిషికి అయిదున్నర గంటల నిద్ర కూడా గ్యారంటీ లేదు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. బాబూ, వారంలో కనీసం మూడు రోజులు పాపకు జడ వేయించి, టిఫిన్ పెట్టి, బడికి పంపే పని మీరు తీసుకోండి. ఇది ఆమెకు చేసే సాయం అనుకోకండి, వైద్యంలో భాగం.

మీరు ల్యాప్‌టాప్‌ను పడకగదిలోనే పెట్టుకుంటే వేరే చోటికి మార్చండి. పని ముగిశాక ఆఫీసు గ్రూపుల మోత ఆపేయండి. ఒంటిగంటకు ముందు ఇరవై నిమిషాలు కునుకు తీసినా మంచిదే. కావలి ఎండల్లో మధ్యాహ్నం నడక వద్దు, ఉదయం పాపను దింపి వచ్చేటప్పుడు నడవండి. ఆయాసం తగ్గేదాకా వేగం పెంచకండి.

ఉద్యోగం మానేయాలా అన్నారు. ఈ నీరసంలో ఆ నిర్ణయం తీసుకోకండి. హిమోగ్లోబిన్ పెరిగి, మేనేజరుతో మాట్లాడాక మూడు నెలలు చూడండి. అప్పటికీ ఆదివారం సాయంత్రాలు ఇలాగే ఉంటే వేరే ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పేమీ లేదు.

ఆదివారం ఉదయం పాపతో హాయిగా ఉండగలుగుతున్నారు కాబట్టి ప్రస్తుతానికి ఇది డిప్రెషన్‌లా అనిపించడం లేదు. ఆ హాయి కూడా పోయి, రెండు వారాల పాటు దేని మీదా ఆసక్తి లేకపోతే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఇక గుండెల మీద బరువు నడిచేటప్పుడు వచ్చినా, ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా పాత ఈసీజీని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.