వాట్సాప్‌లో పంచిన లింకు నుంచి వచ్చేవాళ్లు గూగుల్ అనలిటిక్స్‌లో (సైటుకి వచ్చేవాళ్లను లెక్కపెట్టే సాధనం) ‘డైరెక్ట్’గా, అంటే నేరుగా వచ్చినట్టుగా, ఎందుకు పడుతున్నారు?

బ్రౌజర్ ఒక సైటు నుంచి ఇంకో సైటుకి వెళ్లేటప్పుడు ‘ఫలానా చోటు నుంచి వచ్చాను’ అని రెఫరర్ పంపుతుంది. వాట్సాప్ యాప్‌లో నొక్కిన లింకుకు మామూలుగా అది రాదు. మూలం తెలియనివన్నీ డైరెక్ట్‌ ఖాతాలోకే పోతాయి.

అందుకని పంచే ముందే లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి యూటీఎం, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే గుర్తు, తగిలించండి: సోర్స్ దగ్గర వాట్సాప్ అనీ, మీడియం దగ్గర సోషల్ అనీ (?utm_source=whatsapp&utm_medium=social). అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ఒకసారి పెద్ద అక్షరం పడిందా, రిపోర్టులో అదే వాట్సాప్ రెండు వరుసలుగా చీలిపోతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. సైటు లోపలి లింకులకు మాత్రం యూటీఎం తగిలించొద్దు, అసలు మూలం లెక్క తారుమారవుతుంది.

ఫలితం ట్రాఫిక్ అక్విజిషన్ రిపోర్టులో కనిపిస్తుంది, లెక్క స్థిరపడడానికి 24 నుంచి 48 గంటలు ఆగండి. అక్కడ సెషన్ల (ఒక్కో రాక ఒక సెషన్) సంఖ్య కంటే ఎంగేజ్‌మెంట్ రేటు, అంటే మొత్తంలో ఎంగేజ్డ్ సెషన్ల శాతం, చూడడం మేలు. 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా ఎంగేజ్డ్ సెషన్ కిందికి వస్తుంది.