‘ఇ-క్యాడ్‌హెరిన్ నెగటివ్’ అంటే ఏమిటి? అది పిల్లలకు వస్తుందా?

మీ అమ్మగారి రొమ్ము బయాప్సీ రిపోర్టులో ‘ఇ-క్యాడ్‌హెరిన్ నెగటివ్’ అని ఉందనీ, నెగటివ్ అంటే మంచిదే అనుకోవాలా, దీని వెనుక జన్యులోపం ఉంటే అది మీకూ వచ్చి ఉంటుందా అనీ అడిగారు. ఆరేళ్ల క్రితం మా అక్క రిపోర్టులో ఇదే మాట చూసి మేమంతా ఒక పూట ఊరట పడ్డాం. మరునాడు పాథాలజిస్టు (గడ్డ ముక్కను పరీక్షించే డాక్టరు) ఓపికగా వివరించాక గాని దాని అసలు అర్థం తెలియలేదు.

ఇ-క్యాడ్‌హెరిన్ అనేది కణం పైపొర మీద ఉండే ప్రోటీన్. అది పక్క కణం మీదున్న ఇ-క్యాడ్‌హెరిన్‌తో ముడిపడుతుంది. ఆ ముడి నిలవడానికి కాల్షియం కావాలి. దాని లోపలి కొస బీటా-కాటెనిన్ వంటి ప్రోటీన్ల ద్వారా కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులకు కట్టి ఉంటుంది కనుక, కణాలు చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు ఒక పొరగా నిలబడతాయి. ఈ ప్రోటీన్‌కు మూలమైన సీడీహెచ్1 జన్యువు 16వ క్రోమోజోము మీద ఉంది. దాని రెండు ప్రతులూ పనిచేయకపోతే పట్టు సడలి, కణాలు విడివిడిగా, తరచూ ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టి కణజాలంలోకి చొరబడతాయి. మీ అమ్మగారి రిపోర్టులో నెగటివ్ అంటే, గడ్డ ముక్కలో ఈ ప్రోటీన్ కోసం వేసిన రంగు క్యాన్సర్ కణాలకు పట్టలేదని అర్థం. లోబ్యులర్ రకం (పాలు తయారయ్యే గ్రంథులకు సంబంధించిన) రొమ్ము క్యాన్సర్‌ను గుర్తుపట్టడానికి పాథాలజిస్టులు ప్రధానంగా చూసే లక్షణాల్లో ఇది ఒకటి.

మా అక్కకు చేతికి తగిలే గడ్డ లేదు, ఒకవైపు కాస్త గట్టిపడినట్టు మాత్రమే ఉండేది. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) స్పష్టంగా ఏమీ తేలలేదు, ఎమ్మారైలో కనిపించింది. ముందే ఎందుకు పట్టుకోలేకపోయారని అప్పట్లో చాలా బాధపడ్డాను. ఒకదాన్నొకటి పట్టుకోని కణాలు ముద్దగా కూడవు కాబట్టి ఈ రకం మామోగ్రామ్‌లో దాగిపోవడం తరచూ జరిగేదేనని తెలిశాక ఆ బాధ కొంత తగ్గింది.

అయితే క్యాన్సర్ వ్యాప్తి అంతటికీ ఈ ఒక్క జన్యువే కారణమని అనుకోవద్దు. కొన్ని క్యాన్సర్లలో సీడీహెచ్1 చెడిపోకుండానే స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 వంటి ప్రోటీన్లు దాని పనిని అణచివేస్తాయి. ఇ-క్యాడ్‌హెరిన్ చెక్కుచెదరని క్యాన్సర్లు కూడా కణాల గుంపులుగా విడివడి దూరపు అవయవాలకు చేరగలవు. నెగటివ్ అన్న ఒక్క మాట మీ అమ్మగారి జబ్బు ఏ దశలో ఉందో చెప్పదు.

ఇక వంశపారంపర్యం సంగతి. న్యూజిలాండ్‌లో ఒక మావోరీ (అక్కడి మూలవాసుల) కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే ఎందరో కడుపు క్యాన్సర్‌తో చనిపోతుంటే, ఆ కుటుంబమే కారణం కనుక్కోమని పట్టుబట్టింది. శాస్త్రవేత్త పారీ గిల్‌ఫర్డ్ బృందం వారితో కలిసి పనిచేసి, పుట్టుకతో వచ్చిన సీడీహెచ్1 లోపమే మూలమని 1998లో ప్రకటించింది. అక్కడా కణాలు జీర్ణాశయపు లోపలి పొర కిందనే విడివిడిగా పాకుతాయి కనుక, ఎండోస్కోపీకి చిక్కడం కష్టం. అందుకే లోపం ఉన్నవారిలో చాలామంది ముందుగానే జీర్ణాశయం మొత్తం తీయించుకున్నారు. ఆ కుటుంబం పట్టుదలను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం కలుగుతుంది. ఈ లోపం ఉన్న స్త్రీలకు లోబ్యులర్ రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువే.

కానీ ఎక్కువమంది లోబ్యులర్ రోగుల్లో ఈ మార్పు గడ్డలోని కణాల్లోనే జీవితకాలంలో వచ్చినది, పిల్లలకు అందేది కాదు. మీ అమ్మగారి రిపోర్టు గడ్డ ముక్క మీద చేసిన పరీక్ష. పుట్టుకతో వచ్చిన లోపం ఉందో లేదో తేలాలంటే రక్తంతోనో లాలాజలంతోనో వేరే జన్యు పరీక్ష చేయాలి. అందులో లోపం తేలితే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం 50 శాతం.

జెనెటిక్ కౌన్సెలర్ (వంశపారంపర్య జబ్బుల గురించి సలహా ఇచ్చే నిపుణులు) మమ్మల్ని మొదట అడిగింది, ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిందా అని. మా నాయనమ్మ కడుపునొప్పితో పోయారన్న మాట తప్ప మా దగ్గర వేరే వివరం లేదు. అక్కకు రక్త పరీక్ష చేయించాం, లోపం లేదని వచ్చింది. దాంతో నాకూ చెల్లెలికీ కడుపు పరీక్షలు అవసరం లేదన్నారు. మీరు కౌన్సెలర్ దగ్గరకు వెళ్లే ముందు అమ్మమ్మ, తాతయ్య, మేనమామలు, పెద్దమ్మలు, పిన్నులలో ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాసుకుని వెళ్లండి.